బ్యాకప్ కొనేముందు రిస్టోర్ చూడండి



2017 జనవరి 31వ తేదీ. గిట్‌ల్యాబ్ అని ఒక కంపెనీ ఉంది. దేశదేశాల ప్రోగ్రామర్లు తాము రాసిన కోడ్‌ను దాచుకునే చోటు అది. ఆ రాత్రి బాగా పొద్దుపోయాక అక్కడి ఇంజినీరు ఒకరు డేటాబేస్ సర్వర్లతో కుస్తీ పడుతున్నారు. సర్వర్లు రెండు. ఒకటి అసలుది, రెండోది దానికి జంటగా నడిచే నకలు. నకలు వెనకబడిపోతోంది కాబట్టి దాన్ని తుడిచేసి మళ్లీ మొదటినుంచీ ఎక్కిద్దామనుకున్నారు. తుడిచేయమని కమాండ్ ఇచ్చారు. ఒకటి రెండు సెకన్లలోనే తెలిసిపోయింది, ఆ కమాండ్ ఇచ్చింది అసలు సర్వర్ మీద అని. వెంటనే ఆపారు. ఆపేసరికి దాదాపు 300 జీబీ డేటాలో మిగిలింది నాలుగున్నర జీబీ.

ఇంతవరకూ జరిగింది ఏ ఆఫీసులోనైనా జరగగలిగేదే. తెలుసుకోవలసింది ఆ తర్వాతి సంగతి. బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని వాళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూశారు. రోజూ ఒక కాపీ తీసి అమెజాన్ క్లౌడ్‌కు పంపే ఏర్పాటు ఉంది. అక్కడ చూస్తే ఏమీ లేదు, ఖాళీ. కాపీ తీసే ప్రోగ్రాముది ఒక వెర్షన్, డేటాబేసుది ఇంకో వెర్షన్. రెండూ కుదరక ప్రతిసారీ ఆ పని మొదట్లోనే ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా హెచ్చరిక ఈమెయిలు బయల్దేరుతోంది, దాన్ని మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. ఐదు రకాల ఏర్పాట్లు ఉన్నా ఏదీ నమ్మకంగా పనిచేయడం లేదని ఆ కంపెనీ తనే లోకానికి చెప్పుకుంది. చివరికి గట్టెక్కించింది, ఆరు గంటల ముందు వేరే అవసరం కోసం చేత్తో తీసిన ఒక కాపీ. ఆ ఆరు గంటల్లో జనం చేసుకున్న పని పోయింది. పైగా ఆ కాపీ ఉన్న డిస్కులు నిదానంగా పనిచేసేవి కావడంతో, మళ్లీ ఎక్కించడానికే పద్దెనిమిది గంటలు పట్టింది.

వ్యాపారానికి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవాళ్లు ముందుగా ఈ సంగతి తెలుసుకోవాలని నా మనవి. కాపీ తీయడం అన్ని సాఫ్ట్‌వేర్లూ చేస్తాయి. తీసిన కాపీని ఆపద రోజున ఎంత త్వరగా, ఎంత పూర్తిగా మీ చేతికి తిరిగి ఇస్తుందన్న దగ్గరే ఒకదానికీ ఇంకోదానికీ తేడా. అమ్మేవాళ్లు చూపించేది మాత్రం ఎక్కువగా మొదటి సగమే. పచ్చ గుర్తులు, గుండ్రటి గ్రాఫులు, రాత్రి రెండింటికి బ్యాకప్ విజయవంతంగా పూర్తయిందనే సందేశం. రెండో సగం మనమే అడిగి చూడాలి. ఎలా అడగాలో, ఏం చూడాలో ఈ ప్రసంగంలో చెబుతాను.

మన ఊళ్లలో తరచుగా కనిపించే ఒక వ్యాపారం తీసుకుందాం. విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. వెనక గదిలో ఒక కంప్యూటర్, దాన్నే అందరూ సర్వర్ అంటారు. ముందు హాల్లో నాలుగు బిల్లింగ్ కంప్యూటర్లు. ట్యాలీలో లెక్కలు, ఇంకో సాఫ్ట్‌వేర్లో స్టాకు. ఏ మందు ఏ బ్యాచ్, ఎక్స్‌పైరీ ఎప్పుడు, ఏ రిటైల్ షాపు ఎంత బాకీ, ఏ కంపెనీకి ఎంత రిటర్న్ పంపాం, జీఎస్టీలో ఏం చూపించాం, అన్నీ ఆ పెట్టెలోనే. యజమాని గారిని డేటా గురించి అడిగితే, మా అకౌంటెంట్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాడండీ అంటారు. అకౌంటెంట్‌ను అడిగితే శనివారం శనివారం వేస్తాను సార్ అంటాడు. ఆ పెన్‌డ్రైవ్ అతని బ్యాగులోనే ఉంటుంది.

ఇలాంటి చోట సాఫ్ట్‌వేర్ పేర్లు వెతకడానికి ముందు యజమాని రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి చెప్పగలిగిన జవాబులు కావివి. మొదటిది, ఎంత పని పోతే మళ్లీ చేసుకోగలం? రోజుకు మూడొందల బిల్లులు కొట్టే ఏజెన్సీకి శనివారం కాపీ మాత్రమే ఉండి శుక్రవారం సర్వర్ పోతే, ఆరు రోజుల బిల్లులు, అంటే పద్దెనిమిది వందల బిల్లులు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాలి. కాగితం కాపీలు దొరక్కపోతే బాకీల విషయంలో ప్రతి షాపువాడి మాటా నమ్మాలి. రోజూ రాత్రి కాపీ తీస్తే పోయేది మహా అయితే ఒక రోజు పని. గంటకోసారి తీస్తే ఒక గంట పని. రెండో ప్రశ్న, ఎన్ని గంటలు బిల్లింగ్ ఆగిపోతే తట్టుకోగలం? ఆసుపత్రులకు మందులు పంపే ఏజెన్సీ ఒక పూట కూడా ఆగలేదు. ఆడిటర్ ఆఫీసైతే రిటర్నుల గడువు దగ్గర్లో లేని రోజుల్లో రెండు రోజులు ఆగగలదు.

ఈ రెండు జవాబులూ మొత్తం వ్యాపారానికి ఒకటే కానక్కర్లేదు. కాకూడదు కూడా. బిల్లింగ్‌కు గంటకోసారి కాపీ కావాలి. జీతాల ఫైలుకు నెలలో నాలుగైదు సార్లు చాలు. సీసీ కెమెరాల రికార్డింగు పోయినా చాలామందికి పెద్ద నష్టం ఉండదు, జాగా మాత్రం అన్నిటికంటే అదే ఎక్కువ తింటుంది. అన్నిటినీ ఒకే గాటన కట్టి అన్నీ కాపీ చేసేద్దామనుకుంటే ఖర్చు పెరుగుతుంది, కాపీ ముగియడానికి పట్టే సమయం కూడా పెరుగుతుంది. ఇక్కడ యజమానీ, అకౌంటెంటూ, కంప్యూటర్లు చూసే మనిషీ ఒక గంట కలిసి కూర్చుని ఏది ఎక్కడుందో కాగితం మీద రాసుకోవాలి. ఏ డబ్బూ ఖర్చు కాని పని ఇది. రాస్తున్నప్పుడే బయటపడే విషయాలుంటాయి. యజమాని ఫోన్లోని వాట్సాప్‌లోనే ఆర్డర్లన్నీ ఉన్నాయని, కొటేషన్లన్నీ మేనేజర్ సొంత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయని, సర్వర్ తప్ప ఇంకేదీ కాపీ అవడం లేదని.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ దగ్గరికి వద్దాం. కాపీ తీయడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఫలానా ఫోల్డర్లలోని ఫైళ్లను మాత్రమే తీసిపెట్టడం. రెండోది, విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులతో సహా కంప్యూటర్‌ను మొత్తంగా ఒక బొమ్మలా తీయడం. దీన్ని ఇమేజ్ బ్యాకప్ అంటారు. ఫైళ్ల కాపీ తేలిక, చవక. అయితే సర్వర్ కాలిపోయిన రోజున కొత్తది కొని, విండోస్ వేసి, ప్రోగ్రాములు వేసి, ప్రింటర్లు కలిపి, ఆ తర్వాత ఫైళ్లు పెట్టుకోవాలి. ఇమేజ్ ఉంటే కొత్త కంప్యూటర్లో నేరుగా ఎక్కించవచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ ఇమేజ్‌ను వర్చువల్ మెషీన్‌గా అక్కడికక్కడే నడిపిస్తాయి. అసలు కంప్యూటర్ బాగయ్యేదాకా బిల్లింగ్ దాని మీద నడుస్తుంది. పూట కూడా ఆగలేని వ్యాపారానికి ఈ సౌకర్యం తప్పనిసరి. మిగతా హంగులన్నీ దీని తర్వాతే.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. బిల్లింగ్ నడుస్తుండగా డేటాబేస్ ఫైలును మామూలుగా కాపీ చేస్తే, సగం పాతదీ సగం కొత్తదీ కలిసిన ఫైలు చేతికొస్తుంది. చూడటానికి సైజు సరిపోతుంది, తెరిస్తే తెరుచుకోదు. దీనికి విండోస్‌లో షాడో కాపీ అనే ఏర్పాటుంది. డేటాబేస్‌ను ఒక్క క్షణం నిలవమని చెప్పి, ఆ క్షణపు రూపాన్ని పట్టుకుంటుంది. మీరు కొనబోయే సాఫ్ట్‌వేర్ మీ డేటాబేస్‌తో ఈ పని సరిగ్గా చేయగలదా అని పేరుపెట్టి అడగండి. మీది ఎస్‌క్యూఎల్ సర్వరా, పోస్ట్‌గ్రెసా, ట్యాలీయా, అదీ చెప్పండి. అన్నీ చేస్తుందండీ అంటే ఒప్పుకోవద్దు. మీ ఎదురుగా చేసి చూపించమనండి.

మార్కెట్లో పేర్లు చాలానే ఉన్నాయి. వీమ్, ఎక్రోనిస్, కామ్‌వాల్ట్ దేశదేశాల్లో వాడేవి. మన దేశంలో పుట్టినవాటిలో పుణెలో మొదలై క్లౌడ్ బ్యాకప్‌లో పేరు తెచ్చుకున్న డ్రూవా, చెన్నై నుంచి వచ్చిన వెంబు వారి బీడీఆర్ సూట్ ఉన్నాయి. డబ్బు కట్టలేని చిన్న ఆఫీసుకు వీమ్ వాళ్లే పది మెషీన్ల దాకా ఉచితంగా ఒక ఎడిషన్ ఇస్తున్నారు. ఓపెన్ సోర్స్‌లో రెస్టిక్, బోర్గ్, అర్‌బ్యాకప్ లాంటివి మంచివి. కాకపోతే రెస్టిక్, బోర్గ్ నడపాలంటే కమాండ్లు కొట్టడం తెలిసిన మనిషి ఉండాలి. ఆ మనిషి ఉద్యోగం మానేస్తే ఎలా అన్నది కూడా ఖర్చులో భాగమే. పేరు చూసి ఎవరూ కొనవద్దని నా సలహా. ఒకే సాఫ్ట్‌వేర్ ఒక చోట బంగారంలా పనిచేసి ఇంకో చోట మొరాయించడం మామూలే, ఎందుకంటే అక్కడి కంప్యూటర్లు వేరు, నెట్ వేగం వేరు, చూసుకునే మనిషి వేరు.

చాలామంది అడుగుతుంటారు, మాకు గూగుల్ డ్రైవ్ ఉంది కదా, వన్‌డ్రైవ్ ఉంది కదా, ఇంకా బ్యాకప్ ఎందుకని. ఆ రెండూ చేసేది సింక్. ఈ కంప్యూటర్లో ఏం జరిగితే అక్కడా అదే జరుగుతుంది. ఇక్కడ ఫైలు చెరిపితే అక్కడా పోతుంది, ఇక్కడ వైరస్ ఫైళ్లను పాడుచేస్తే పాడైన ఫైళ్లే అక్కడికి వెళ్తాయి. పాత వెర్షన్లు కొన్నాళ్లు ఉంటాయన్నది నిజమే, దానికీ గడువుంది. కంపెనీలు వాడే మైక్రోసాఫ్ట్ 365లో షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్ ఫైళ్లు చెరిపితే రీసైకిల్ బిన్‌లో 93 రోజులుంటాయి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో బిన్‌నుంచి కూడా పోయిన ఫైలును అడ్మిన్ 25 రోజుల్లోగా వెనక్కి తేవాలి. మానేసి వెళ్లిన ఉద్యోగి చెరిపేసిన ఫోల్డరు సంగతి ఆడిట్ సమయంలో, ఆరు నెలల తర్వాత, బయటపడిందనుకోండి. అప్పటికి ఏమీ ఉండదు. ఈమెయిళ్లు, ఫైళ్లు క్లౌడ్‌లో ఉన్న వ్యాపారం వాటికి కూడా విడిగా బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేరే ఎంచుకోవాలి.

ఇక ర్యాన్సమ్‌వేర్ సంగతి. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమని బెదిరించే వైరస్ ఇది. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లు దాని పాలబడ్డాయి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లు చిక్కుకుని 1.3 టీబీ డేటాకు తాళం పడింది. ఓపీ చీట్లు, రక్తపరీక్షల రిపోర్టులు చేత్తో రాసుకుంటూ సుమారు రెండు వారాలు నెట్టుకొచ్చారు. ఈ-హాస్పిటల్ డేటా మొత్తం వెనక్కి వచ్చిందంటే, దెబ్బ తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టే. 2024 జులై ఆఖరున సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థ మీద దాడి జరిగితే, సుమారు మూడొందల చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగిపోయాయి.

ఈ దాడులు చేసేవాళ్లు ఇప్పుడు ముందుగా వెతికేది బ్యాకప్‌నే. బ్యాకప్ ఉన్నవాడు డబ్బు కట్టడని వాళ్లకు తెలుసు. లోపలికి వచ్చాక రోజుల తరబడి చప్పుడు చేయకుండా ఉంటారు. అడ్మిన్ పాస్‌వర్డు సంపాదిస్తారు. ఇందాక చెప్పిన విండోస్ షాడో కాపీలను చెరిపేస్తారు. బ్యాకప్ సర్వర్లోకి వెళ్లి అక్కడి కాపీలను తుడిచేస్తారు. ఆ తర్వాతే తాళం వేస్తారు. 2024లో వీమ్ సాఫ్ట్‌వేర్లోనే బయటపడ్డ ఒక లోపాన్ని పట్టుకుని అకీరా, ఫాగ్ అనే ర్యాన్సమ్‌వేర్ ముఠాలు దాడులు చేశాయి. కంపెనీ సరిదిద్దిన వెర్షన్ విడుదల చేసింది, అప్‌డేట్ చేసుకోనివాళ్లు దొరికిపోయారు. అంటే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొని గోడకు తగిలించి మరిచిపోయే వస్తువు కాదు, దానికీ అప్‌డేట్లు కావాలి, దాని పాస్‌వర్డు మిగతా ఆఫీసు పాస్‌వర్డులకు సంబంధం లేకుండా ఉండాలి, పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చే కోడ్ కూడా పెట్టుకోవాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌ను రాత్రింబగళ్లు సర్వర్‌కు తగిలించి ఉంచడం, ఇంటికి తాళం వేసి తాళంచెవి ఆ తాళానికే వదిలేసినట్టు.

కొనేటప్పుడు అడగాల్సిన మాట ఇక్కడ ఒకటుంది. పెట్టిన గడువు ముగిసేదాకా ఎవరూ చెరపలేని కాపీ ఉంచుతుందా? అడ్మిన్ కూడా చెరపలేనిది. దీన్ని ఇమ్యూటబుల్ కాపీ అంటారు. పెద్ద క్లౌడ్ కంపెనీల స్టోరేజీలో ఈ ఏర్పాటుంది, కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు దాన్ని వాడుకోగలవు, కొన్ని వాడుకోలేవు. నా మటుకు నేను, ఈ సౌకర్యం లేని సాఫ్ట్‌వేర్ ఎంత చవకగా వచ్చినా ఈ రోజుల్లో కొనవద్దనే చెబుతాను. దీని విలువ తెలియాలంటే కోడ్ స్పేసెస్ సంగతి తెలుసుకోవాలి. ప్రోగ్రామర్ల కోడ్‌నే దాచే కంపెనీ అది. 2014 జూన్‌లో ఎవడో వాళ్ల అమెజాన్ క్లౌడ్ ఖాతా పట్టుకుని డబ్బడిగాడు. వాళ్లు ఖాతాను తిరిగి స్వాధీనం చేసుకోబోతే డేటాతోపాటు బ్యాకప్‌లనూ చెరిపేశాడు. అన్నీ ఒకే ఖాతా కింద ఉన్నాయి. కంపెనీ మూతబడింది.

వానాక్రై వచ్చిన 2017లోనే ఇంకో పెద్ద దెబ్బ డెన్మార్క్‌కు చెందిన మర్స్క్ నౌకాసంస్థకు తగిలింది. జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్, యుక్రెయిన్‌లో లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా ప్రపంచమంతా పాకింది. మర్స్క్ ఓడరేవు టెర్మినళ్లు కొన్ని ఆగిపోయాయి, ముంబయి దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో వాళ్లు నడిపే టెర్మినల్‌తో సహా. కంపెనీలో ఎవరు ఎవరో, ఎవరికి ఏ అనుమతి ఉందో గుర్తుపట్టే సర్వర్లు 150 దాకా ఉండేవి. వాటిలో ఒకటి పాడైతే మిగతావాటినుంచి తెచ్చుకోవచ్చని అనుకున్నారు. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు. వెతగ్గా వెతగ్గా ఘనాలోని ఆఫీసులో ఒక సర్వర్ బాగున్నట్టు తేలింది. వైరస్ పాకిన సమయానికి అక్కడ కరెంటు పోయి, ఆ సర్వర్ నెట్‌వర్క్‌నుంచి తెగిపోయి ఉంది. అక్కడినుంచి డేటాను, బాగుచేసే పని నడుస్తున్న ఇంగ్లండ్‌కు నెట్ ద్వారా పంపాలంటే రోజులు పట్టేట్టుంది. అక్కడి ఉద్యోగులకు బ్రిటన్ వీసా లేదు. ఒకాయన హార్డ్‌డిస్క్ పట్టుకుని నైజీరియాకు విమానంలో వెళ్లి, అక్కడి విమానాశ్రయంలో ఇంకొకరి చేతిలో పెడితే, వాళ్లు ఇంగ్లండ్ చేర్చారు. పదిరోజుల్లో నాలుగు వేల సర్వర్లు, 45 వేల కంప్యూటర్లు మళ్లీ నెలకొల్పామని ఆ తర్వాత కంపెనీ అధ్యక్షుడు చెప్పారు. నష్టం 25 కోట్ల నుంచి 30 కోట్ల డాలర్లని లెక్క వేశారు. అంత సంస్థను నిలబెట్టింది, ఆ వేళకు నెట్‌వర్క్‌కు తగిలించి లేని ఒక్క కాపీ. కరెంటు పోవడం వల్ల వాళ్లకు కలిసొచ్చిన ఆ ఏర్పాటును మనం కావాలనే చేసుకోవచ్చు. వారానికొకసారి ఒక డిస్కులో కాపీ తీసి, ఊడదీసి, ఆఫీసుకు దూరంగా పెట్టడమే.

దూరంగా అంటే ఎంత దూరం అన్నది కూడా ఆలోచించాలి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ పేటలో దుకాణంలో సర్వర్, నాలుగు వీధుల అవతల అదే పేటలో ఉన్న ఇంట్లో హార్డ్‌డిస్క్ ఉంటే, రెండూ ఒకే నీళ్లలో మునుగుతాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ ఊరంతటికీ దెబ్బ తగిలింది. కనీసం ఒక కాపీ ఇంకో ఊళ్లో ఉండాలి. క్లౌడ్‌లో ఉందంటే సరిపోదు, క్లౌడ్ అంటే కూడా ఏదో ఊళ్లో ఒక భవనమే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ తగలబడింది. బ్యాకప్ కోసం విడిగా డబ్బు కట్టినవాళ్లలో కొందరి కాపీలు కూడా అదే ఆవరణలో ఉన్నట్టు అప్పుడు తెలిసింది. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకుంటే, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టీబీ పోయింది. అంత పెద్ద నిల్వకు బయట కాపీ పెట్టలేదు.

దీనికి భిన్నంగా ఆస్ట్రేలియాలో జరిగింది చూడండి. 2024 మే నెలలో యూనిసూపర్ అనే పెన్షన్ నిధి గూగుల్ క్లౌడ్‌లో తీసుకున్న చందా పొరపాటున తొలగిపోయింది. రెండు చోట్ల ఉంచిన నకళ్లు రెండూ పోయాయి, రెండూ ఒకే చందా కిందివి కాబట్టి. ఐదు లక్షలకు పైగా సభ్యులు. ఇంకో కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకోవడం వల్ల వాళ్లు మళ్లీ లేచి నిలబడగలిగారు. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ఫొటోల భద్రత కోసం చెప్పిన 3-2-1 సూత్రం ఈరోజు ప్రపంచమంతా వాడుతోంది. డేటాకు మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట. మీరు కొనే సాఫ్ట్‌వేర్ ఒకే పనిలో ఆఫీసులో ఒక కాపీ, బయట ఒక కాపీ పెట్టగలగాలి. ఒక్క తమ సొంత క్లౌడ్‌కే పంపుతాం, ఇంకెక్కడికీ పంపం అంటే, నేనైతే వెనకాడతాను.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మీది కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సంస్థ అయితే, కంప్యూటర్లో ఉంచే లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వర్లో పడాలని 2022 ఆగస్టులో సవరించిన నిబంధన చెబుతోంది. ఆ పుస్తకాలు ఎనిమిదేళ్లు భద్రంగా ఉండాలి. జీఎస్టీ లెక్కలైతే ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీనుంచి 72 నెలలు. సైబర్ దాడి జరిగితే గమనించిన ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం. కాబట్టి డేటా ఏ దేశంలో ఉంచుతారని క్లౌడ్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి. హైదరాబాద్, ముంబయి లాంటి చోట్ల పెద్ద కంపెనీల డేటా సెంటర్లున్నాయి, కావాలంటే అక్కడే పెట్టమనవచ్చు.

ఇప్పుడు అసలు పరీక్ష. చాలా సాఫ్ట్‌వేర్లకు కొన్నాళ్లు ఉచితంగా వాడి చూసే వీలుంటుంది. ఆ రోజుల్లో చేయాల్సిన పని ఇది. ఒక సాయంత్రం దుకాణం కట్టేసేముందు ఒక కాగితం మీద కొన్ని అంకెలు రాయించండి. ఆఖరి బిల్లు నంబరు, క్యాష్ బ్యాలెన్సు, పదిమంది పార్టీల బాకీలు, రెండు మూడు మందుల బ్యాచ్‌ల స్టాకు. ఆ రాత్రి బ్యాకప్ అవుతుంది. మర్నాడు పొద్దున ఒక ఖాళీ కంప్యూటర్ తెప్పించండి. సర్వర్‌ను ముట్టుకోవద్దు, అది కాలిపోయిందనే అనుకోవాలి. అమ్మే మనిషిని పక్కన కూర్చోబెట్టి, మీ మనిషి చేతే చేయించండి. గడియారం చూసుకోండి.

మొదటి అడ్డంకి చాలా చోట్ల రెండు నిమిషాల్లోనే వస్తుంది. కాపీని ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డు అడుగుతుంది. అది ఎక్కడుంది? ఆ సర్వర్లోనే నోట్‌ప్యాడ్‌లో ఉందంటారు. సర్వర్ కాలిపోయింది కదా మరి! ఆ పాస్‌వర్డు పోతే కాపీ ఉన్నా లేనట్టే, కంపెనీవాళ్లు కూడా తెరవలేరు. దాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లాకర్లో ఉంచాలి. ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి. సరే, పాస్‌వర్డు దొరికింది, డేటా దిగడం మొదలైంది. క్లౌడ్‌నుంచి అయితే ఇక్కడ లెక్క వేసుకోండి. రెండు టీబీ డేటా, వంద ఎంబీపీఎస్ కనెక్షన్, ఎక్కడా వేగం తగ్గకుండా దిగినా 44 గంటలు పడుతుంది. పూట కూడా ఆగలేని వ్యాపారానికి క్లౌడ్ ఒక్కటే చాలదని ఈ అంకెతోనే తెలిసిపోతుంది. ఆఫీసులోనే ఒక కాపీ ఉండాలి.

డేటా దిగింది, ప్రోగ్రాము తెరిచారు. లైసెన్స్ అడుగుతుంది. చాలా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ల లైసెన్స్ పాత కంప్యూటర్‌కు ముడిపడి ఉంటుంది, మళ్లీ యాక్టివేట్ చేయాలి. దానికి సీరియల్ నంబరు, రిజిస్టరైన ఈమెయిలు కావాలి. ఆ ఈమెయిలు మూడేళ్ల కిందట మానేసిన గుమాస్తాది కావచ్చు. ఈ వివరాలు కూడా ఆ కవరులోకే చేరాలి. అది కూడా దాటాక అకౌంటెంట్‌ను కూర్చోబెట్టండి. కాగితం మీది అంకె, తెర మీది అంకె ఒక్కొక్కటీ కలిపి చూడమనండి. ఆఖరి బిల్లు నంబరు కలిసిందా? పార్టీ బాకీ పైసలతో సహా కలిసిందా? ఆ బ్యాచ్ స్టాకు సరిగ్గా ఉందా? ఒక బిల్లు కొట్టి ప్రింట్ తీయమనండి. ప్రింట్ చేతికి వచ్చినప్పుడు గడియారం మళ్లీ చూడండి. అమ్మే మనిషి చెప్పిన గంటలు కావు, ఈ గంటలే మీవి. వీటిని మొదట్లో యజమాని చెప్పుకున్న రెండు జవాబులతో పోల్చి, అప్పుడు కొనాలో వద్దో తేల్చుకోండి. రెండు మూడు సాఫ్ట్‌వేర్లకు ఇదే పరీక్ష పెడితే, బ్రోషర్లు నెల రోజులు చదివినా తెలియని తేడా తెలుస్తుంది.

కొన్నాక కూడా మూడు నెలలకోసారి ఈ పరీక్ష చేయాలి. ప్రతిసారీ మొత్తం చేయలేకపోతే ఒక ఫోల్డరైనా, ఒక కంపెనీ లెక్కలైనా వెనక్కి తెచ్చి చూడాలి. రోజువారీ విషయానికొస్తే, బ్యాకప్ ఆగిపోతే చెబుతుందన్న నమ్మకం మీద ఉండకూడదు. గిట్‌ల్యాబ్ వాళ్లకు ఆ ఈమెయిళ్లు చేరనే లేదు. బాగా జరిగిన రోజున కూడా సందేశం వచ్చేట్టు పెట్టుకుని, రాని రోజున అడిగే మనిషిని ఒకరిని నియమించండి. ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు చూడాలో కూడా చెప్పి ఉంచండి.

ధర గురించి ఒక మాట. కొందరు కంప్యూటర్‌కు ఇంత అని తీసుకుంటారు, కొందరు టీబీకి ఇంత, ఇంకొందరు మనిషికి ఇంత. ఏటా మీ డేటా ఎంత పెరుగుతోందో చూసుకుని మూడేళ్లకు లెక్క వేయించండి. క్లౌడ్‌లో అయితే డేటా పెట్టడానికే కాకుండా వెనక్కి దించుకోవడానికి కూడా విడిగా వసూలు చేసేవాళ్లున్నారు. ఆపద రోజున ఆ బిల్లు ఎంత వస్తుందో ముందే తెలుసుకోవాలి. ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారు, ఆదివారం పలుకుతారా, ఆ మనిషి తెలుగులోనో హిందీలోనో మాట్లాడగలడా, ఇవి కూడా ధరలో భాగమే. సర్వర్ ఆగిపోయిన రోజున ఫోన్ పట్టుకునేది యజమాని కాదు, కౌంటర్లో ఉన్న కుర్రాడు.

చివరిగా, మానేసే రోజు సంగతి కొనే రోజే అడగండి. చందా ఆపేస్తే పాత కాపీలు తెరుచుకుంటాయా? ఒక సాఫ్ట్‌వేర్ తీసిన కాపీలు ఇంకో సాఫ్ట్‌వేర్‌తో తెరుచుకోవు, చాలామటుకు ప్రతి కంపెనీదీ దాని సొంత పద్ధతి. ఎనిమిదేళ్ల లెక్కలు ఉంచాల్సిన వ్యాపారం ఈ ఎనిమిదేళ్లలో ఒకసారైనా సాఫ్ట్‌వేర్ మారుస్తుంది. రిస్టోర్‌కు మాత్రం లైసెన్స్ అవసరం లేకుండా ఇచ్చే కంపెనీలున్నాయి, చందా ఆగిన నెలకే క్లౌడ్ కాపీలు చెరిపేసేవీ ఉన్నాయి. ఏది ఎలాగో ఒప్పందంలో రాయించుకోండి. మారే రోజు వస్తే, కొత్త సాఫ్ట్‌వేర్ మీద ఇందాక చెప్పిన పరీక్ష నెగ్గేదాకా పాతదాని చందా ఆపవద్దు. ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిశాక ఆ ఏడాది లెక్కలను, ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అవసరం లేకుండా తెరుచుకునే మామూలు ఫైళ్లుగా, పీడీఎఫ్‌లుగా, ఎక్సెల్ షీట్లుగా కూడా ఒక డిస్కులో తీసి మీ ఆడిటర్ గారి దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.